ఐదో రంగు

14 నవంబర్ 2022, సోమవారం

రెండో పీరియడ్ అయ్యాక ప్రిన్సిపాల్ నాగేందర్ గారు పిలిచారు. డిసెంబర్ 22న గణిత దినోత్సవం. ఈసారి జిల్లాలోని జూనియర్ కాలేజీలన్నీ కలిసి నల్లగొండలో చేస్తున్నాయట. ముఖ్య అతిథి ప్రొఫెసర్ అమరేందర్. ఆయన సిద్ధాంతం మీద, ఇంటర్ పిల్లలకు అర్థమయ్యేలా, సావనీర్‌కు నాలుగు పేజీల వ్యాసం కావాలట.

"మీరైతే మంచిగ రాస్తరు మేడం. స్టేజీ మీద పది నిమిషాలు మాట్లాడుడు గూడ మీరే" అన్నారు.

సరేనన్నాను. స్టాఫ్ రూమ్‌కు వచ్చి కూర్చున్నాను. ఆ పేరు నాకు కొత్త కాదు.

2006 జూన్. యూనివర్సిటీలో పీహెచ్‌డీ ఇంటర్వ్యూ. నాకు ముప్పై నాలుగేళ్లు. చిన్నదానికి పాలు మాన్పించి మూడు నెలలైంది. టేబుల్ అవతల ముగ్గురు, మధ్యలో అమరేందర్. నా మార్కులు చూడలేదు. నేను సొంతంగా రాసుకుపోయిన పన్నెండు పేజీలు ముట్టుకోలేదు. పుట్టిన తేదీ మీద వేలు పెట్టాడు.

"చూడమ్మా, మ్యాథ్స్‌ల కొత్త ఆలోచన ముప్పై లోపలనే వస్తది. నా థియరం నేను ఇరవై ఆరేండ్లకు చేసిన. నీకు టైం అయిపోయింది. పోయి పిల్లలకు పాఠాలు చెప్పుకో. అదీ మంచి పనే."

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. మొత్తం నాలుగు నిమిషాలు. సీటు ఇరవై రెండేళ్ల అబ్బాయికి ఇచ్చారు. ఏడాది తిరక్కుండా అతను సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోయాడు.

పదహారేళ్లుగా ఆ నాలుగు నిమిషాలను మనసులో ఎన్నిసార్లు తిరగరాశానో. ఆయన అన్న ప్రతి మాటకూ నా దగ్గర పది జవాబులున్నాయి. ఇప్పుడు ఆ మనిషి గొప్పతనం నేను రాయాలి.

రాస్తాను. ఒక్క అక్షరం వదలకుండా చదివి మరీ రాస్తాను.

17 నవంబర్

1978లో అచ్చైన పేపర్. పద్నాలుగు పేజీలు. బెంజమిన్ ఎక్కడి నుంచో దింపి ప్రింట్ తీసిచ్చాడు. బెంజమిన్ మా కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్. కంప్యూటర్ పని ఏదున్నా అతనే.

వ్యాసం కోసం ఇలా మొదలుపెట్టాను. కాగితం మీద చుక్కలు. కొన్ని చుక్కల మధ్య గీతలు. గీతతో కలిసిన రెండు చుక్కలకూ ఒకే రంగు వేయకూడదు. ఎన్ని రంగులు కావాలి? బొమ్మను బట్టి మారుతుంది. అమరేందర్ ఒక జాతి బొమ్మలను తీసుకున్నాడు. వాటిలో ఎక్కడా ముక్కోణం ఉండదు, ఇంకో రెండు షరతులుంటాయి. ఆ జాతి బొమ్మ ఎంత పెద్దదైనా సరే, నాలుగు రంగులు చాలు. అదీ ఆయన సిద్ధాంతం. నలభై నాలుగేళ్ల పేరు, పదవులు, శాలువాలు అన్నీ దాని మీదే.

పొద్దున కట్టంగూర్‌లో బస్సెక్కి చిట్యాలలో కాలేజీ దగ్గర దిగేదాకా అదే చదివాను. బాగుంది. నా ఏడుపంతా అదే. చాలా బాగుంది.

21 నవంబర్

తొమ్మిదో పేజీ, కింది నుంచి మూడో లైను. "రెండో సందర్భం కూడా ఇదే విధంగా." అంతే. ప్రూఫ్ లేదు.

24 నవంబర్

ఇదే విధంగా రావడం లేదు. మూడు రోజులుగా ప్రయత్నిస్తున్నాను. మొదటి సందర్భంలో రెండు రంగులను తారుమారు చేస్తే ఒక రంగు ఖాళీ అవుతుంది. రెండో సందర్భంలో తారుమారు చేస్తే మన తోకే మనకు చుట్టుకుంటుంది.

నాకు చేతకాకపోయి ఉండొచ్చు. లేదా అక్కడ నిజంగానే ఏమీ లేకపోవచ్చు.

ఈ రెండో మాట రాయగానే ఎంత సంతోషమేసిందో రాయడానికి సిగ్గేస్తోంది. లెక్క మీద ప్రేమతో కాదు. ఆయన మొహం కనిపించింది.

28 నవంబర్, ఉదయం 7.30, బస్సులో

కల్వకుర్తి!

2015లో నేను కల్వకుర్తిలో ఉన్నాను. రెండు కాలేజీలకు కలిపి ఒకే ల్యాబ్, రెంటికీ తిరిగే గెస్ట్ లెక్చరర్లు. టైంటేబుల్ వేసే పని నా నెత్తిన పడింది. నాలుగు పీరియడ్లలో సర్దమని అప్పటి ప్రిన్సిపాల్ పట్టు. ఎంత తిప్పినా ఒక క్లాస్ మిగిలిపోయేది. దాన్ని ఇరికిస్తే ఇంకోటి బయటపడేది. చివరికి ఐదో పీరియడ్ పెట్టాం. అందరూ నన్ను తిట్టుకున్నారు.

క్లాస్ అంటే చుక్క. రెండు క్లాసులకు ఒకే మనిషి గానీ ఒకే గది గానీ కావాల్సి వస్తే గీత. పీరియడ్ అంటే రంగు. ఇరవై మూడేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. దీనికి ఇంకో పేరుందని తెలియక కాదు, రెండూ ఎప్పుడూ ఒకచోట పెట్టి చూడలేదు. ఆ మిగిలిపోయిన క్లాస్ చుట్టూ ముడి ఎలా ఉండేదో నా చేతికి ఇంకా గుర్తుంది. అలాంటి ముడులు కొన్ని తీసుకుని, ముక్కోణం రాకుండా ఒకదానికొకటి కట్టగలిగితే...

ఇరవై ఆరేళ్ల వాడికి ఈ ముడి ఎక్కడ కనిపిస్తుంది? వాడు జన్మలో ఒక్క టైంటేబుల్ వేసి ఉండడు.

4 డిసెంబర్, ఆదివారం

ఇరవై తొమ్మిది చుక్కలు. మూడు షరతులూ సరిపోయాయి. నాలుగు రంగులు చాలవు. ఐదోది కావాలి.

6 డిసెంబర్

బెంజమిన్ ప్రోగ్రాం రాసి నడిపాడు. లంచ్‌లో వచ్చి, మేడం, అన్ని రకాలుగ జూసిన, నాలుగుతోటి అస్సలు అయితలేదు అన్నాడు. ఇంతకీ ఇదేంటని అడిగాడు. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుని చెప్పాను. అతను టిఫిన్ బాక్స్ మూత పెట్టేశాడు.

యాభై ఏళ్ల ఆడదాన్ని నేను. కొత్తది పుట్టింది.

7 డిసెంబర్

మా ఆయన ఎల్లేష్‌కు చెప్పాను. పశువుల దవాఖానలో పని ఆయనది. చుక్కలు, గీతలు ఓపిగ్గా విన్నాడు. ఆ సార్‌కు ముందుగాల ఒక ఉత్తరం రాయరాదు అన్నాడు. పెద్దమనిషి, నలుగురిలో పరువు తీస్తే బాగుండదట.

2006లో నన్ను బస్టాండ్ నుంచి తీసుకొచ్చింది ఈయనే. దారంతా నేను ఏడుస్తుంటే బండి ఆపి చెరుకు రసం తాగించాడు. అది గుర్తు చేశాను.

ఉత్తరం రాస్తే ఏమవుతుంది? "ఒక చిన్న సవరణ" అని తన పేరుతోనే అచ్చేసుకుంటాడు. కింద నాకు థాంక్స్ చెబుతాడేమో. వద్దు. ఆయన్ను నిలబెట్టాలి. బోర్డు ముందు. చాక్‌పీస్ చేతికిచ్చి.

17 డిసెంబర్

వ్యాసం ఇచ్చేశాను. పొగడ్తలతో నిండి ఉంది. నాగేందర్ గారు చాలా సంతోషించారు.

రంగు చాక్‌పీసులు కొన్నాను. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. నాలుగే.

22 డిసెంబర్, సాయంత్రం

అయింది. వరసగా రాస్తాను, ఏదీ మరిచిపోకూడదు.

పొద్దున ఎనిమిదికే హాల్‌కు వెళ్లి బోర్డు మీద బొమ్మ గీశాను. ఇరవై తొమ్మిది చుక్కలు, గీతలన్నీ. పైన చార్టు కప్పాను. పదకొండింటికి ఆయన వచ్చాడు. డెబ్బై ఏళ్లు. సన్నబడ్డాడు, గొంతు మాత్రం అదే. మూడు వందల మంది పిల్లలు. ఆయన ఉపన్యాసం కూడా అదే. మీకు పదిహేడు, ఇంకా పదమూడేళ్లున్నాయి, ఆ తర్వాత మ్యాథ్స్ మీ మొహం చూడదు అన్నాడు. ముందు వరసలోని మా లెక్చరర్ల వైపు చేయి చూపించి, మనందరి పని అయిపోయింది అన్నాడు. మా వాళ్లే నవ్వారు.

నా వంతు వచ్చింది. పది నిమిషాలు సిద్ధాంతం చెప్పాను. చార్టు తీసి, సార్, ఒక్క ఉదాహరణ మీ చేతితో రంగులేసి చూపిస్తే పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది అన్నాను. చప్పట్లు. ఆయన నవ్వుతూ లేచాడు. మూడు షరతులూ సరిపోయాయో లేదో చూసుకున్నాడు. సరిపోయాయి. ఎరుపుతో మొదలుపెట్టాడు.

పదో నిమిషానికి ఇరవై ఏడు చుక్కలకు రంగులు పడ్డాయి. ఇరవై ఎనిమిదోది కుదరలేదు. కొంత చెరిపాడు. మళ్లీ. ఇరవై ఆరు దగ్గర ఆగింది. చొక్కా చేయంతా రంగు పొడి. పిల్లల్లో గుసగుసలు మొదలై అవీ ఆగిపోయాయి. నాగేందర్ గారు వచ్చి, సార్ భోజనాలు రెడీ అన్నారు. "ఆగండి" అన్నాడు, వెనక్కి చూడకుండానే. నేను మైకు పట్టుకుని మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. కుర్చీ తెప్పించవచ్చు. తెప్పించలేదు.

ముప్పై ఎనిమిది నిమిషాలు.

అప్పుడు చాక్‌పీస్ కింద పెట్టాడు. "తొమ్మిదో పేజీ" అన్నాడు తనలో తాను. మైకు పట్టేసింది. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఎవరు గీసిన్రు దీన్ని?"

"నేనే సార్."

"ఏజ్ ఎంతమ్మా మీకు?"

"యాభై."

ఎవరో ఒక పిల్ల చప్పట్లు కొట్టింది. తర్వాత హాలంతా. ఆ చప్పుడు నా ఎముకల్లో దిగింది. ఇక ఆపుకోలేక అడిగాను. "2006 జూన్‌ల ఇంటర్వ్యూకు వచ్చిన సార్. ముప్పై నాలుగేండ్లకు నా టైం అయిపోయిందన్నరు. యాదికున్నదా?"

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నిజంగానే వెతుకుతున్నాడు.

"యాదికి లేదమ్మా" అన్నాడు. "గట్ల చానమందికి చెప్పిన."

24 డిసెంబర్

ఎవరో వీడియో పెట్టారు. ఊళ్లో, కాలేజీలో, బస్సులో అందరూ చూశారు. నాగేందర్ గారు ఇంత పని చేస్తారనుకోలేదు మేడం అని మొహం తిప్పుకున్నారు. సాయంత్రం వాళ్లావిడ ఫోన్ చేసి కంగ్రాట్స్ చెప్పింది.

నేను తొమ్మిది సార్లు చూశాను. ఇరవై రెండో నిమిషంలో ఆయన చేయి వణుకుతుంది. అక్కడ ఆపి చూస్తాను.

కానీ ఆయనకు నేను గుర్తు లేను. పదహారేళ్లు మోసింది నేనొక్కదాన్నే.

27 డిసెంబర్

అమరేందర్ కూతురు మనస్విని ఫోన్ చేసింది. నల్లగొండలోనే బ్యాంకులో పని, తండ్రితోనే ఉంటుందట. "మేడం, నాయిన అన్నం సరిగ తింటలేడు. ఏ కాగితం దొరికినా చుక్కలే పెడుతుండు. మీరు జర ఒకసారి మాట్లాడుండ్రి."

తిన్నాక మళ్లీ గీయమనండి అని పెట్టేశాను.

19 జనవరి 2023

నాలుగు చాలవని తేల్చాను. మరి ఐదు సరిపోతాయా? అది తేలితేనే పూర్తి పేపర్. లేకపోతే ఒక బొమ్మ, అంతే. నాలుగు వారాలుగా ఒకే చోట నిలబడి ఉన్నాను. బోర్డు మీద పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను.

30 జనవరి

ఆయన నుంచి ఫోన్లు. రోజూ పొద్దున ఆరింటికి. ఎత్తడం లేదు.

3 ఫిబ్రవరి

వాయిస్ మెసేజ్ పంపాడు. రెండు రోజులు వినలేదు. ఈ రోజు బస్సులో చెవిలో పెట్టుకున్నాను.

"సైదమ్మ గారు, ఐదు చాలు. ఎట్లంటరా? రంగులేసుడు బంజెయ్యండి. ముందుగాల గీతలకు దిక్కులు పెట్టుండ్రి, బాణాల లెక్క. ఎక్కడ మొదలుపెట్టి బాణాల వెంబడి నడిచినా ఐదు చుక్కలకు మించి పోకుంట పెట్టాలె. గది అయితదా కాదా మీరే జూడుండ్రి. అయితే రంగులు వాటంతట అవే పడ్తయి."

ముప్పై ఏడు సెకన్లు. నార్కట్‌పల్లి దాటేసరికి అది నిజమని నాకు తెలిసిపోయింది. బాణాల సంగతి పాతదే. కానీ ఈ జాతి బొమ్మలకు దాన్ని వాడొచ్చని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.

12 మార్చి

పేపర్ పూర్తయింది. పదకొండు పేజీలు. బాణాలు అలా పెట్టొచ్చని నిరూపించడానికి అయిదు వారాలు పట్టింది. ఆ కష్టమంతా నాదే. ఆలోచన మాత్రం మూడో సెక్షన్‌లో ఉంది, ఆయన పేరు లేకుండా.

ఆయన నా పన్నెండు పేజీలు చూడలేదు. నేను ఆయన ముప్పై ఏడు సెకన్లు విననట్టే. చెల్లు.

13 మార్చి

పంపేశాను.

3 జులై

జర్నల్ నుంచి జవాబు. అంగీకరించారు. చిన్న చిన్న సవరణలే.

పేపర్‌ను పరిశీలించిన రిఫరీ రిపోర్టులో ఒక పేరా ఉంది. ఇరవై తొమ్మిది చుక్కల బొమ్మ చాలా తెలివైనది. కానీ పేపర్‌కు ప్రాణం మూడో సెక్షన్. గీతలకు దిక్కులు పెట్టాలన్న ఆలోచనలో యువ పరిశోధకుల్లో మాత్రమే కనిపించే తాజాదనం ఉంది.

స్టాఫ్ రూమ్‌లో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. బెంజమిన్ పరుగెత్తుకొచ్చాడు. అతనికి చదివి వినిపించేలోపు నవ్వు పోయింది. మధ్యాహ్నం అన్నం దిగలేదు.

దొంగతనం చేశాను. ఇక్కడైనా ఆ మాట రాయాలి.

5 జులై

ఎల్లేష్‌కు అంతా చెప్పాను. నన్ను తిడతాడనుకున్నాను. గొర్రెలకు టీకాలేసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. వింటూనే ఉన్నాడు.

"గా సార్‌కు గిప్పుడు ఎన్నేండ్లు?"

"డెబ్బై."

"డెబ్బై ఏండ్లకు చేసిండు గది. మరి గదే రాయరాదు?"

తువ్వాలు తీసుకుని లోపలికి పోయాడు. ఆయన న్యాయం గురించి అన్నాడు. నాకు వినిపించింది మాత్రం ఆ డెబ్బై.

9 జులై, ఆదివారం

నల్లగొండ రామగిరిలో అమరేందర్ ఇల్లు. మనస్విని తలుపు తీసింది. ఆయన కొత్త కళ్లద్దాలతో కిటికీ దగ్గర కూర్చున్నాడు. పేపర్ చేతికిచ్చాను. మొదటి నుంచీ చదివాడు, నేను కూర్చునే ఉన్నాను. మూడో సెక్షన్‌కు వచ్చాక కాసేపు ఆగాడు. పేజీ తిప్పాడు. నన్ను ఏమీ అడగలేదు. చివర, బాగున్నది అన్నాడు.

అప్పుడు రెండో కాగితం ఇచ్చాను. చివరి పేజీలో నేను చేర్చబోయే వాక్యం. "మూడో సెక్షన్‌లోని ఆలోచన ప్రొఫెసర్ అమరేందర్‌ది. 2023 ఫిబ్రవరిలో, డెబ్బై ఏళ్ల వయసులో, ఆయన దీన్ని నాకు చెప్పారు."

ఆయన మొహం పాలిపోయింది.

"పేరు వద్దమ్మా. నీదే అనుకో."

"నాది కాదు సార్. పెట్టక తప్పదు."

"అయితే పేరు పెట్టు. వయసు తీసెయ్."

ఎందుకని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇరవై ఆరుకు ఆ పేపర్ రాసిన. ఇరవై ఏడుకు ఏం రాలె. ఇరవై తొమ్మిదికి రాలె. ముప్పై నిండినయి. ఇగ నా తప్పేం లేదు, వయసు అయిపోయింది అనుకున్న. ఎంత నిమ్మళమైందో ఆ దినం. గప్పటి సంది కాగితం ముట్టలె. గదే మాట అందరికి చెప్పుకుంట తిరిగిన. గిప్పుడు నువ్వు డెబ్బై అని అచ్చేస్తే, నడుమ నలభై నాలుగేండ్లు నేనేం జేసినట్టు?"

"ఎవరూ అడగరు సార్."

"నేనడుగుత గద."

మనస్విని గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. ఆ క్షణం ఆ వయసును కొట్టేయాలనిపించింది. పెన్ను చేతిలోనే ఉంది. బోర్డు ముందు ముప్పై ఎనిమిది నిమిషాలు నిలబెట్టినప్పుడు ఈయనకు తగిలింది పైపైన మాత్రమే. ఇది తగిలితే లోపలికి పోతుంది.

"తియ్యను సార్" అన్నాను.

ఆయన కోప్పడలేదు. తల ఊపాడు. లేవబోతుంటే నాలుగో పేజీలో ఒక కామా ఎక్కువైందని చూపించాడు.

గడియారం సెంటర్ దాకా నడిచి వచ్చాను. ఆయన "చానమందికి చెప్పిన" అన్నాడు కదా, ఆ చాలామంది ఎవరో నాకు తెలియదు. వాళ్లందరి తరఫున ఆ వయసు ఉంచాను అని రాసుకుంటే గొప్పగా ఉంటుంది. అబద్ధం. నా కోసమే ఉంచాను. ఇంటికొచ్చి కడుపు నిండా తిన్నాను.

10 జులై

కామా తీసేశాను. డెబ్బై ఉంది.

11 సెప్టెంబర్

పేపర్ అచ్చయింది. రెండు కాపీలు రామగిరికి పోస్టు చేశాను.

సాయంత్రం మనస్విని ఒక ఫొటో పంపింది. నాయిన ఎవరితోనూ మాట్లాడటం లేదట, మూడు షరతుల్లో ఒకటి తీసేసి కొత్త బొమ్మ మొదలుపెట్టాడట. ముప్పై ఏడు చుక్కలు. పెద్దగా చేసి చూశాను.

పదకొండో చుక్క దగ్గర ఒక గీత తప్పు. చెప్పను. ఆయనే పట్టుకోవాలి.